తునికి చెట్టు: ఆకు మనకు తెలుసు, చేవ తెలుసుకుందాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 వస్తే మన ఆట గురించి, పాట గురించి, డోలు గురించి, భాష గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి మన అడవిలోని ఒక చెట్టు గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. గిరిజన హాస్టళ్లలో పనిచేసే మేము కొందరం కూర్చుని ఏ చెట్టు గురించి చెబుదామా అని అనుకున్నాం. ఇప్ప చెట్టు గురించి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకని ఎవరూ చెప్పని చెట్టును తీసుకున్నాం. ఎవరూ చెప్పరు కానీ మీ అందరి ఇళ్లూ దానికి బాకీ ఉన్నాయి. అదే తునికి చెట్టు.

తునికి అనగానే మీ నోట వచ్చే మాట ఆకు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే లేచి కోసే ఆకు, మధ్యాహ్నం ఇంటి ముందు కట్టే కట్ట, సాయంత్రం కల్లం దగ్గర లెక్క. కట్టకు 50 ఆకులు. ఇదంతా మీకు మాకంటే బాగా తెలుసు. కానీ ఇదే చెట్టు లోపల ప్రపంచంలో అత్యంత బరువైన, నునుపైన కలపల్లో ఒకటి ఉందని మీలో ఎంతమందికి తెలుసు? మా హాస్టళ్లలో పిల్లల్ని అడిగితే చాలామంది తునికి చెట్టు కాదు, తునికి పొద అన్నారు. వాళ్లు చూసింది పొదనే. ఈరోజు మేము చెప్పదలుచుకున్నది కూడా దాని గురించే.

ముందు పేర్లు చూద్దాం. మనం తునికి అంటాం, కొన్ని చోట్ల తుమికి అంటారు. హిందీలో తెందూ, ఒడియాలో కెందు. శాస్త్రీయ నామం డయోస్పైరోస్ మెలనాక్సిలాన్. మెలనాక్సిలాన్ అంటే గ్రీకు భాషలో నల్లని కలప. డయోస్పైరోస్ అంటే దేవుడి ధాన్యం అని చెప్పుకోవచ్చు, అది పండును చూసి పెట్టిన పేరు. హైదరాబాదు సూపర్ మార్కెట్లలో పర్సిమన్ అని టమాటా లాంటి నారింజ రంగు పండు ఖరీదుకు అమ్ముతారు. అది మన తునికి పండుకు సొంత చెల్లెలు, రెండూ ఒకే ప్రజాతి చెట్లు.

ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టి లోకానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లే ముందు ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉండి, గోదావరి ప్రాంతపు మొక్కల్ని సేకరించి బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే ఆయన పుస్తకం 1795 నుంచి వెలువడింది. ఈ కలపను ఇంగ్లీషు వాళ్లు కోరమాండల్ ఎబొనీ అంటారు. ఆ మొక్కల్ని ఆయనకు చూపించినవాళ్లు, పేర్లు చెప్పినవాళ్లు ఈ నేల మనుషులే. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

ఇంకో పేరు ఉంది. ఇది మీరు కాగితాల్లో చూసి ఉంటారు. తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్న పాత ఉత్తర్వుల్లో, నియమాల్లో దీన్ని ఆబ్నూస్ ఆకు అని రాశారు. ఆబ్నూస్ అంటే ఉర్దూలో, పారశీకంలో నల్లకలప, అంటే ఎబొనీ. చూడండి, ఆకు కొనే కాగితం మీద కూడా ఉన్నది కలప పేరే. మనం మాత్రం ఆ కలపను మరిచిపోయాం.

ఇప్పుడు చెట్టు లోపలికి వెళదాం. చాలా చెట్ల మానును అడ్డంగా కోస్తే రెండు రంగులు కనిపిస్తాయి. బెరడు పక్కన లేత రంగు వలయం ఉంటుంది. పుస్తకాల్లో రసదారువు అంటారు, మనం తెల్లచెక్క అంటాం. వేరు పీల్చిన నీళ్లు దీని గుండానే పైకి వెళతాయి. మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవదారువు, మన మాటలో చేవ. చేవలో నీళ్లు పారవు. చెట్టు పెరిగేకొద్దీ లోపలి పాత కణాలు పని మానేసి, అందులో రంగు పదార్థాలు, జిగురు, వగరు పదార్థాలు నిండుతాయి. పురుగు, బూజు సులువుగా పట్టవు. చెట్టును నిలబెట్టేది అది.

మన తెలుగులో మనిషిని కూడా చేవ ఉన్నవాడు, చేవ చచ్చినవాడు అంటారు కదా. ఆ మాట పుట్టింది ఇలాంటి చెట్టు దగ్గరే. లేత చెట్టుకు చేవ ఉండదు. ఏళ్లు గడవాలి.

టేకులో చేవ బంగారు గోధుమ రంగు. జిట్రేగిలో ఊదా గీతలున్న గోధుమ రంగు. ఎర్రచందనంలో ఎరుపు. తునికిలో తెల్లచెక్క లేత గులాబీ ఛాయలో ఉంటుంది, చేవ మాత్రం కాటుక నలుపు. ఒక్కోసారి ఆ నలుపులో గోధుమ, ఊదా చారలు ఉంటాయి. ఇంకో సంగతి, ఈ నల్ల చేవ మాను మొత్తం ఉండదు. బాగా ముదిరిన చెట్టులో కూడా మధ్యలో వంకరటింకరగా కొంత మేరకే పడుతుంది. బయట నుంచి చూసి ఎంత ఉందో చెప్పలేం. ఆశపడి కొట్టి చూస్తే లోపల పిడికెడు నలుపో, తొర్రో కనిపించవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

దీని బరువు సంగతి చూద్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో సాంద్రత పాఠం చదివారు. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. ఒక ఘనపు మీటరు నీళ్లు 1000 కిలోలు. అంతే పరిమాణంలో ఎండిన టేకు సుమారు 650 కిలోలు ఉంటుంది. బూరుగు అందులో దాదాపు సగం. అందుకే రెండూ నీళ్ల మీద తేలతాయి. బాగా ముదిరిన నల్ల చేవ ముక్క నీళ్లతో సమానంగానో ఇంకొంచెం ఎక్కువగానో తూగుతుంది. బకెట్‌లో వేస్తే రాయిలా అడుగుకు పోతుంది.

ఎందుకని? బూరుగు చెక్కను, తునికి చేవను భూతద్దంలో చూస్తే తెలుస్తుంది. కలప అంటే చిన్న చిన్న గొట్టాలు, గదులు. ఆ గోడలు తయారైన పదార్థం బూరుగులో అయినా, టేకులో అయినా, తునికిలో అయినా దాదాపు ఒకటే. ఆ గోడ పదార్థం ఒక్కదాన్నే తూచగలిగితే ఏ చెట్టుదైనా నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు ఉంటుంది. తేడా అంతా లోపలి ఖాళీలో ఉంది. బూరుగులో గోడలు పలచన, గదులు పెద్దవి, నిండా గాలి. తునికిలో గోడలు మందం, గదులు ఇరుకు, ఉన్న కాస్త ఖాళీలోనూ నల్లటి పదార్థం నిండిపోయి ఉంటుంది. గాలికి చోటు లేదు కాబట్టి తేలదు. మీ ఊళ్లో దొరికే ఎండు చెక్క ముక్కలు నాలుగైదు రకాలు తెచ్చి, తూచి, నీళ్లలో ముంచి చూడండి. మా పిల్లలు సైన్స్ ఫెయిర్‌కు ఇది చేస్తే సార్లు కూడా ఆసక్తిగా చూశారు.

రెండో గుణం నునుపు. టేకు చెక్కను అడ్డంగా కోసి చూడండి, వలయాల వెంట సూది గుచ్చినట్టు రంధ్రాలు కంటికే కనిపిస్తాయి. నిలువునా చూస్తే అవే గీతలుగా కనిపిస్తాయి. తునికిలో ఆ రంధ్రాలు చాలా సన్నవి, చెక్కంతా పలచగా చెదిరి ఉంటాయి, చేవలో అవి కూడా పూడిపోయి ఉంటాయి. అందుకే చిత్రిక పట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రంగు, వార్నిష్ అక్కర్లేదు. సన్నని అంచు చెక్కినా పెచ్చు ఊడదు. మరచుట్టు కోసినా నిలుస్తుంది.

ఈ రెండు గుణాల్లోంచే దాని ఉపయోగాలన్నీ వచ్చాయి. నేత నేసే నాడె చూడండి. అది రోజుకు వేలసార్లు దారాల మధ్య జారాలి. గరుకుగా ఉంటే నూలు తెగుతుంది, మెత్తగా ఉంటే అరిగిపోతుంది. గట్టిగా, నునుపుగా ఉండే కలప కావాలి. దువ్వెన కూడా అంతే, పళ్లు సన్నగా ఉండాలి, విరగకూడదు, వెంట్రుక చిక్కకూడదు. చేతికర్రలు, కత్తి పిడులు, ముక్కుపొడి డబ్బీలు, పటం చట్రాలు, చెక్కిన బొమ్మలు, అన్నింటికీ నల్లచేవ వాడారు. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ జిల్లాలో నగీనా అనే పట్టణం ఆబ్నూస్ చెక్కడాలకే పేరు పడింది. వయొలిన్ మీద వేళ్లు ఆనే నల్లపట్టీ, తంతులు బిగించే మరలు, పాత పియానోల నల్ల మెట్లు, ఇవన్నీ ఎబొనీ జాతి చెట్ల చేవతో చేసినవే. వేలితో కొన్ని లక్షలసార్లు నొక్కినా అరగకూడదు కదా.

మంచి గుణాలు చెప్పాం, కష్టాలు కూడా చెప్పాలి. ఈ కలప వడ్రంగిని ఏడిపిస్తుంది. ఒకటి, పగుళ్లు. లోపల తేమ బయటికి రావడానికి దారులు లేవు. పైపొర త్వరగా ఎండి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడుకు పైన చీలికలు పడతాయి. అందుకే ఎండలో పెట్టకూడదు. నీడలో, గాలి మెల్లగా ఆడేచోట, నెలల తరబడి ఆరబెట్టాలి. రెండు కొసలకూ మైనం గానీ పేడ గానీ పూస్తారు, తేమ ఎక్కువగా పోయేది కొసల నుంచే కాబట్టి. రెండు, పనిముట్లు. రంపం పళ్లు, ఉలి అంచు తొందరగా మొద్దుబారతాయి. మేకు నేరుగా కొడితే మేకన్నా వంగుతుంది, చెక్కన్నా చీలుతుంది. ముందు బరమాతో రంధ్రం చేసుకోవాలి. మూడు, పొట్టు. ఎబొనీ పొడి కంటికి, ముక్కుకు, చర్మానికి పడక దురద, మంట రావచ్చు. పనిచేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

నల్లచేవ గురించి చెబుతున్నాం కదా అని తెల్లచెక్కను తక్కువ చేయకండి. అది కూడా గట్టిదే, సాగే గుణం ఉంది. గొడ్డలి కామకు, పార కామకు, చిన్న వాసాలకు తునికి కర్ర పనికొస్తుందని మీ తాతలకు తెలుసు. దెబ్బ పడినప్పుడు విరగకుండా ఆ అదురును తట్టుకోవాలి కామ. ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఏ పనిముట్టుకు ఏ కర్ర వేశారో, ఎందుకు వేశారో అడిగి రాసుకోండి. అది మన ఇంజనీరింగు. ప్లాస్టిక్ పిడి, ఇనుప గొట్టం వచ్చాక ఆ లెక్క చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంత గొప్ప కలప ఉన్న చెట్టు పిల్లల కంటికి పొదలా ఎందుకు కనిపిస్తోంది?

కారణం మీకు తెలుసు. బీడీకి కావలసింది మెత్తని, పలచని, చుడితే చీలని ఆకు. అలాంటి ఆకు పెద్ద చెట్టు మీద కాదు, కొట్టిన మోడు నుంచి, వేరు పిలకల నుంచి వచ్చే లేత రెమ్మల మీద వస్తుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడతారు. నెలన్నరకు కొత్త ఆకు సిద్ధమవుతుంది. తునికి మొండి చెట్టు. కొట్టినా, కాల్చినా, పశువు మేసినా వేరు నుంచి మళ్లీ లేస్తుంది. ఏటా కొడతాం, ఏటా లేస్తుంది, ఏటా కోస్తాం. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు దాటదు. అలాంటి మొక్కకు చేవ ఎప్పుడు పట్టాలి?

ఆకు కోయవద్దని మేము చెప్పడం లేదు. అలా చెప్పే హక్కు మాకు లేదు. జూన్‌లో హాస్టళ్లు తెరిచినప్పుడు కొత్త చెప్పులు, ట్రంకు పెట్టె, బస్సు చార్జీ ఏ డబ్బుతో వస్తాయో గేటు దగ్గర నిలబడే మాకు తెలుసు. కట్టల డబ్బు, ఆ తర్వాత వచ్చే బోనస్ మీద ఎన్ని కుటుంబాలు వానాకాలం విత్తనం కొంటాయో తెలుసు. ఆకు ఆ నెలల్లో మన కూలి, మన పంట.

కానీ రెండు విషయాలు ఆలోచించమంటున్నాం.

మొదటిది, తునికి ఆకుకు ఇప్పుడున్న పెద్ద గిరాకీ ఒక్క బీడీకే. ఆకులో దోషం లేదు, అందులో చుట్టే పొగాకులో ఉంది. బీడీ తాగితే ఊపిరి, గుండె, నోరు పాడవుతాయని మేమే తరగతిలో చెబుతాం, మేమే మళ్లీ ఆకు సీజన్ బాగుండాలని కోరుకుంటాం. ఈ చిక్కు మనది కాదు అనుకోలేం. జనం ఆరోగ్యం గురించి ఆలోచించేకొద్దీ బీడీ తగ్గాలి, తగ్గితేనే మంచిది. ఆ రోజు వచ్చినప్పుడు మన చేతిలో ఒట్టి పొదలే ఉంటే ఏం చేస్తాం? ఒకే కొనుగోలుదారు ఉన్న సరుకు మీద ఊరంతా ఆధారపడడం మంచిది కాదు.

రెండోది చాలామందికి తెలియదు. తునికిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ చెట్టుకు పూలు గుత్తులుగా వస్తాయి, ఆడ చెట్టుకు విడిగా వస్తాయి. పండు ఆడ చెట్టుకే కాస్తుంది, అదీ దగ్గర్లో మగ చెట్టు ఉంటేనే. ఏటా కొట్టే పొదలకు పూత, కాయ నిలవవు. వేరు పిలకలతో పొదలు విస్తరిస్తాయి, నిజమే. కానీ పిలక అంటే అదే తల్లి మొక్క మళ్లీ మళ్లీ రావడం, కొత్త మొక్క కాదు. తెగులు వస్తే అన్నింటికీ ఒకేలా సోకవచ్చు. కొత్త గుణాలున్న మొక్క విత్తనం నుంచే వస్తుంది. విత్తనం పండు నుంచి, పండు ఎదిగిన చెట్టు నుంచి. అంటే మన మనవలకు మంచి ఆకు కావాలన్నా ఈరోజు కొన్ని చెట్లను చెట్లుగా వదలాలి. ఎలుగుబంటి, పక్షులు ఆ పండు తిని గింజల్ని అడవంతా చల్లుతాయి. నర్సరీ లేకుండా, బిల్లు లేకుండా జరిగే పని అది.

నిప్పు గురించి కూడా ఒక మాట. కొత్త ఆకు బాగా వస్తుందని కొందరు అడవి నేలకు నిప్పు పెడతారు. తునికి వేరు బతుకుతుంది. కానీ పక్కనున్న లేత మొక్కలు, నేల మీద గుడ్లు పెట్టిన పక్షులు, ఇప్ప పూత, అన్నీ పోతాయి. నిలబడ్డ పెద్ద తునికి మానుకు మొదట్లో నిప్పు తగిలితే అక్కడ గాయమై, మెల్లగా తొర్ర పడుతుంది. ఇందాక చెప్పాం, కొట్టి చూస్తే తొర్ర కనిపించవచ్చని. ఆ తొర్రలకు ఒక కారణం ఈ నిప్పే. కొమ్మ కొడితే చాలు, నిప్పు అక్కర్లేదు.

ఇక చట్టం. మీరు డిగ్రీ చదివేవాళ్లు, ఇది మీరే ఊళ్లో చెప్పాలి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా మన హక్కు కింద పెట్టాయి. సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం హక్కు. 2006 చట్టంలో ఆ జాబితాలో ఆకు పేరు రాసి ఉంది. కలప లేదు. అంటే ఆకు మన సొంతం, మాను కొట్టి అమ్మడం మాత్రం నేరం. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది: సామూహిక అటవీ వనరును కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు మనకు ఉంది, ఆ పనికి గ్రామసభకు అధికారం ఉంది. కొట్టే హక్కు గురించి ఊళ్లో ఎవరైనా మాట్లాడితే, కాపాడే హక్కు గురించి మీరు మాట్లాడండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే, బరువైన కలప ఎక్కడుంటే అక్కడికి దళారి వస్తాడు. శేషాచలం కొండల ఎర్రచందనం సంగతి మీకు తెలుసు. అది కూడా నీళ్లలో మునిగే చేవే. 2015 ఏప్రిల్ 7న అక్కడ పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. వారిలో కొండల మీద బతికే గిరిజనులు కూడా ఉన్నారు. కలప ఓడెక్కించి కోట్లు సంపాదించేవాడు ఆ కొండ మీద లేడు. గొడ్డలి పట్టుకున్నవాడే ఉన్నాడు. సముద్రం అవతల మడగాస్కర్ దీవిలో మన తునికికి దాయాదులైన ఎబొనీ చెట్లను ఎంతగా నరికారంటే, 2013లో వాటిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది. నల్లకలపకు ధర ఎంత పలికినా, చెట్టు మొదట్లో నిలబడ్డ మనిషికి దక్కేది కూలి, కేసు. రేపు ఎవరైనా బైకు మీద వచ్చి, ఒక్క మాను చూపిస్తే ఇంత ఇస్తానంటే ఈ మాట గుర్తుచేసుకోండి తమ్ముళ్లూ.

మరి చెట్టు వదిలితే మనకేంటి లాభం అని అడుగుతారు. అడగాలి. నల్లచేవ లాభం మనకు రాదు, బహుశా మన పిల్లలకు కూడా రాదు. అది దశాబ్దాల పని. కానీ పండు అంతకంటే ముందే వస్తుంది. ఎండాకాలంలో ఆ పసుపు పండ్లు గంపల్లో పెట్టి రోడ్డు పక్కన అమ్మే అమ్మలను చూశారు కదా. ఆ గంప నిండేది వదిలిన చెట్ల వల్లనే. నీడ వస్తుంది, గింజ వస్తుంది, కింద పిలకలు వస్తాయి, ఆ పిలకల ఆకు ఎప్పటిలాగే కోసుకోవచ్చు. పది పొదల్లో ఒకటి చెట్టయితే ఆకు కట్టలు ఏమంత తగ్గవు.

అందుకని ఈ సమావేశం నుంచి మీరు తీసుకువెళ్లవలసిన పనులు నాలుగు చెబుతాం.

ఒకటి, లెక్క. మీ ఊరి పొలిమేరలో మనిషి కంటే ఎత్తుగా ఎదిగిన తునికి చెట్లు ఎన్ని ఉన్నాయో తిరిగి చూడండి. పూత కాలంలో ఆడదేదో, మగదేదో గుర్తు పెట్టండి. ఫోన్‌లో ఫొటో తీసి, చెట్టు చుట్టుకొలత టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. వచ్చే ఏడు మళ్లీ కొలవండి. అది ఎంత నెమ్మదిగా పెరుగుతుందో అప్పుడు మీకే తెలుస్తుంది, దాని విలువ కూడా.

రెండు, వదలడం. వాగు గట్టున, పొలం గట్టున, దేవర దగ్గర, దారి పక్కన కొన్ని పొదలను ఎంచుకోండి. ఒక్కో మోడు నుంచి వచ్చిన పిలకల్లో బలమైన ఒక్కదాన్ని ఉంచి, దానికి గుర్తు కట్టి, కొమ్మ కొట్టేవాళ్లకు చెప్పండి. ఆడ, మగ రెండూ దగ్గర దగ్గరగా ఉండేలా చూడండి. గ్రామసభలో తీర్మానంగా రాయించండి. నోటి మాటకు వయసు తక్కువ, తీర్మానం నిలుస్తుంది.

మూడు, నిప్పు. ఎండాకాలంలో అడవికి నిప్పు పెట్టకుండా చూడడానికి యువకులే ముందుకు రావాలి. పెద్దలు మీ మాట వింటారు, ప్రేమగా చెబితే.

నాలుగు, తెలివి. మీ ఊళ్లో చెక్క పని తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ కర్రను ఏ నెలలో కోస్తే పుచ్చదు, ఎలా ఆరబెట్టాలి, దేనికి ఏది వాడాలి, ఇవన్నీ వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. మన భాషల్లో కర్రలకు, చెక్క గుణాలకు ఎన్నో మాటలు ఉన్నాయి, వాటికి తెలుగులో కూడా మాట లేదు. గాలికి పడిపోయిన చెట్టు ఉంటే కూడా ముందు గ్రామసభను, అటవీ శాఖను అడిగాకే ముట్టుకోండి. పని నేర్చుకోవడానికి ఒక చిన్న ముక్క చాలు.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆకు కోసేది ఎక్కువగా మీరు, మీ అమ్మలు. కట్ట కట్టేది మీరు. గ్రామసభలో మాత్రం వెనక వరసలో కూర్చుంటారు. ఏ చెట్టు వదలాలో, ఏది కొట్టాలో ఎవరికంటే బాగా తెలిసింది మీకే. ఆ తీర్మానం రాసేటప్పుడు ముందు వరసలో కూర్చోండి, మీ పేరుతో సంతకం పెట్టండి.

మా హాస్టళ్లలో పిల్లలు ఇంటి మీద బెంగ పెట్టుకుని చదువు మానేస్తామని వస్తుంటారు. వాళ్లకు ఈ చెట్టు గురించే చెబుతాం. తునికిని ఏటా నరికినా అది చావదు, సరే. కానీ బతికి ఉండడం వేరు, ఎదగడం వేరు. ఏటా నరికితే అది పొదగానే ఉంటుంది. పదోతరగతికే చదువు ఆపేస్తే మనం కూడా బతుకుతాం, ఆకు కోస్తాం, కూలి చేస్తాం. ఆపకుండా వదిలితేనే చేవ పడుతుంది. అది చెట్టుకైనా, పిల్లకైనా.

మీలో చాలామంది రేపు టీచర్లవుతారు, ఫారెస్టు బీట్ ఆఫీసర్లవుతారు, నర్సులవుతారు, సర్పంచులవుతారు. ఎక్కడున్నా మీ ఊళ్లో కొన్ని తునికి చెట్లు తల ఎత్తి నిలబడి ఉండేలా చూడండి. వాటి నల్ల చేవను మనం చూడకపోవచ్చు. అది అక్కడ ఉందని తెలిసి, ఎవరూ గొడ్డలి ఎత్తకుండా కాపాడిన ఊరు మనదని చెప్పుకోగలిగితే చాలు.